చచ్చిన కాలేజీ, బ్రతికిన కాలేజీ: చెన్నపురి ఛాయాచిత్రముల కథ

ఒకప్పుడు నెల్లూరు, కడప, గుంటూరు మండలముల నుండి చెన్నపట్టణము చూచుటకు పోయి వచ్చిన గ్రామీణుని ఏమేమి చూచితివని అడిగినచో, అతడు చెప్పు పట్టికలో సముద్రము, కోట, హైకోర్టులతో పాటు మరి రెండు వింతలు ఉండెడివి. ఒకటి చచ్చిన కాలేజీ, రెండవది బ్రతికిన కాలేజీ. అరవవారు వీనినే సెత్త కాలేజీ, ఉయిర్ కాలేజీ అనెడివారు. చచ్చిన కాలేజీ అనగా ఎగ్మూరులోని మ్యూజియము. ప్రాణము పోయిన జంతువులు అచ్చట గడ్డితో కూరబడి గాజు కన్నులతో నిలిచియుండును. బ్రతికిన కాలేజీ అనగా సెంట్రల్ స్టేషను ప్రక్కనున్న జంతుశాల. అచ్చట పులి గాండ్రించును, కోతి పల్లికిలించును.

చదువుకొన్నవారు ఈ మాటలు విని నవ్వుకొనుట కలదు. కాని చరిత్ర తెలిసినవాడు నవ్వడు. ఏలయన, ఆ రెండు సంస్థలును ఒకే తల్లి బిడ్డలు. వానితో పాటు అదే పట్టణమున, అదే దశాబ్దమున మూడవ బిడ్డ ఒకటి పెరిగినది. అది ఛాయాగ్రహణ విద్య. మృతశిలను సజీవముగను, సజీవ మృగమును నిశ్చలముగను చూపగల ఆ విద్యకు చెన్నపురిలోని కట్టడములతోను, జంతువులతోను గల సంబంధము నూటడెబ్బది సంవత్సరముల నాటిది. ఆ కథలో తెలుగువారి లాభనష్టములు కూడ ఇమిడియున్నవి.

ఒకే పట్టణము, ఒకే దశాబ్దము

చెన్నపట్టణమునకు ఆ పేరు వచ్చుటయే తెలుగు ప్రభువుల వలన. 1639లో దామర్ల వంశీయుడైన వేంకటప్ప నాయకుడు ఇంగ్లీషు వర్తకులకు సముద్రతీరమున స్థలమునొసగెను. అతని తండ్రి చెన్నప్ప నాయకుని పేరు పట్టణమునకు నిలిచెను. అటుపిమ్మట 1812లో ఎల్లిస్ దొర పూనికతో అచ్చట సెంట్ జార్జి కోట కాలేజీ వెలసెను. కంపెనీ కొలువునకు వచ్చిన యువకులకు దేశభాషలు నేర్పుట దాని పని. 1816లో అచ్చయిన కాంబెల్ తెలుగు వ్యాకరణమునకు ఎల్లిస్ ఉపోద్ఘాతము వ్రాసి, దక్షిణ దేశ భాషలు ఒకే కుటుంబమునకు చెందినవని నిరూపించెను. ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను తెలుగు అక్షరములు దిద్దినది ఆ కాలేజీలోనే.

ఆ కాలేజీ భవనములోనే 1851లో ప్రభుత్వ మ్యూజియము ప్రారంభమయ్యెను. మ్యూజియమునకు జనులు కాలేజీ యని పేరు పెట్టుటకు కారణము ఇదియేనని చెప్పుదురు. దాని తొలి అధికారి ఎడ్వర్డ్ గ్రీన్ బాల్ఫర్ అను వైద్యుడు. తరువాత భారతదేశమును గూర్చి విజ్ఞానసర్వస్వమును కూర్చినవాడు ఈయనయే. రాళ్లు, లోహములు, ఎండిన మొక్కలు చూచుటకు వచ్చు జనుల కంటె ప్రాణమున్న జంతువును చూచుటకు వచ్చు జనులు ఎక్కువయని బాల్ఫర్ త్వరలోనే గ్రహించెను. కర్ణాటక నవాబు వద్దనున్న జంతువుల నన్నింటిని మ్యూజియమునకు ఇప్పించెను. 1854 చివర మ్యూజియము ఎగ్మూరులోని పాంథియన్ ఆవరణమునకు మారినది. 1855లో ఆ ఆవరణముననే జంతుశాల స్థాపితమయ్యెను. ఒక సంవత్సరము గడచునప్పటికి అందు మూడువందలకు పైగా జంతువులు, పక్షులు, సరీసృపములు చేరెను. మన దేశమున ప్రజలకై తెరువబడిన జంతుశాలలలో మొదటివాని కోవకు చెందినది ఇది.

ఇదే కాలమున అదే పట్టణమున మరియొక వైద్యుడు, అలెగ్జాండర్ హంటర్, 1850లో తాను స్థాపించిన చిత్రకళా పాఠశాలలో కెమెరా పని నేర్పించుచుండెను. 1856లో మద్రాసు ఛాయాగ్రాహక సంఘము ఏర్పడెను. ఆ సంవత్సరముననే మద్రాసు ప్రభుత్వము కెప్టెన్ లిన్నియస్ ట్రైప్ అను సైనికాధికారిని తన ఛాయాగ్రాహకునిగ నియమించెను. ఇట్లు ఆరేండ్లలోపల మ్యూజియము, జంతుశాల, కెమెరా మూడును ఒకే పట్టణమున నిలదొక్కుకొనెను. మూడింటి వెనుకనున్న కోరిక ఒక్కటే: దూరముననున్న దానిని దగ్గరకు తెచ్చుట, నశించునట్టి దానిని నిలుపుట.

అమరావతి శిలల ఆనవాలు

ట్రైపు దొర పని ఎట్టిదో నేటివారికి ఊహించుట కష్టము. మైనము పట్టించిన పెద్ద కాగితము నెగటివుగా వాడబడెడిది. అది పదునైదంగుళముల పొడవు, పండ్రెండంగుళముల వెడల్పు ఉండెడిది. ఎండలో మైనము కరగును, తేమలో రసాయనములు చెడును. ఆ సామగ్రిని బండ్లపై వేసికొని ఆయన 1857 డిసెంబరులో బయలుదేరి శ్రీరంగము, మధుర, తంజావూరు తిరిగెను. తంజావూరు బృహదీశ్వరాలయపు గోడపైనున్న శాసనమును వరుసగా తీసిన చిత్రములను ఇరువదియొక్కటిని కలిపి అతికించి, రమారమి పందొమ్మిది అడుగుల పొడవుగల ఒకే చిత్రముగ కూర్చెను.

తెలుగువారు మాత్రము ట్రైపును మరియొక పనికై జ్ఞాపకముంచుకొనవలెను. గుంటూరు మండలమున పనిచేసిన వాల్టర్ ఎలియట్ 1845లో అమరావతి స్తూపమును త్రవ్వించి, వెలువడిన చలువరాతి శిల్పములను మద్రాసునకు పంపెను. కృష్ణాతీరమున సుమారు రెండువేల సంవత్సరముల క్రిందట మలచబడిన ఆ ఫలకములు పట్టణము చేరియు, తగిన నీడ లేక చాలకాలము ఆరుబయట పడియుండెను. 1858లో ట్రైపు వానిని ఒక్కొక్కటిగ నిలిపి చిత్రములు తీసి, ఎలియట్ శిలలు అను పేరుతో సంపుటముగ వెలువరించెను. మరుసటి సంవత్సరముననే ఆ శిలలు ఓడనెక్కి లండను చేరెను. అచ్చటను వానికి వెంటనే గౌరవము లభింపలేదు. 1867లో ఫెర్గుసన్ అను శిల్పచరిత్రకారుడు గుఱ్ఱపుబండ్ల కొట్టులో వానిని కనుగొనెను. 1880లో అవి బ్రిటిషు మ్యూజియమునకు చేరెను.

శిలలు పోయినవి, చిత్రములు మిగిలినవి. ఏ ఫలకము ఏ స్థితిలో మద్రాసున ఉండెనో, ఏ అంచు అప్పటికింకను విరుగలేదో తెలిసికొనుటకు పండితులు నేటికిని ట్రైపు సంపుటమును చూచుచున్నారు. ఒక గుమాస్తా వ్రాసిన జాబితా చెప్పలేని దానిని ఒక ఛాయాచిత్రము చెప్పుచున్నది. తరువాత బర్జెస్ మొదలగువారు త్రవ్వించిన శిల్పములు చెన్నపురి మ్యూజియముననే నిలిచి, అమరావతి పేరును అచ్చట నిలుపుచున్నవి.

ఇంతటి పనికి ప్రభుత్వము వారి బహుమానమేమి? 1859లో గవర్నరుగా వచ్చిన సర్ ఛార్లెస్ ట్రెవిలియన్ లెక్కలు చూచి, ఛాయాగ్రహణ శాఖ ప్రభుత్వము భరింపదగని విలాసమని నిర్ణయించెను. 1860 నాటికి ఆ శాఖ మూతపడెను. ఖర్చు తగ్గింపు ఉత్తరువుల బలమెట్టిదో సర్కారు కొలువులోనివారికి వేరుగ చెప్పనక్కరలేదు. ట్రైపు తిరిగి సైనికోద్యోగమునకు పోయెను. ఆయన మరల అంత గొప్ప పని చేయలేదు.

కదలని రాయి, కదలెడు మృగము

ట్రైపు దేవాలయములను, శిల్పములను తీసెను గాని పరుగెత్తు మృగములను ఏల తీయలేదు? కారణము అభిరుచిలో లేదు, రసాయనములో ఉన్నది. ఆనాటి కాగితపు నెగటివుపై రూపము పడుటకు నిమిషముల కొలది కాలము పట్టెడిది. గోపురము ఎంతసేపైనను కదలదు. పులి ఒక్క క్షణమైనను నిలువదు. 1851లో వచ్చిన తడి గాజుపలక పద్ధతిలో ఆ కాలము సెకండ్లకు తగ్గెను గాని, పలక ఆరకముందే పని ముగింపవలెను. కావుననే 1852లో లండను జంతుశాలలో తీయబడిన సుప్రసిద్ధమైన నీటిగుఱ్ఱపు చిత్రమున ఆ జంతువు హాయిగ నిద్రించుచు కనబడును. నిద్రయే ఆనాటి ఛాయాగ్రాహకునకు పరమమిత్రము.

మృగము నిలువనిచో దానిని నిలుపు ఉపాయములను కొందరు వెదకిరి. మద్రాసు అశ్విక దళమునకు చెందిన విల్లోబీ వాలెస్ హూపర్ 1870 ప్రాంతమున పులివేట చిత్రముల వరుసను తీసెను. చూపరులకు అది సాహసగాథగ తోచును. యథార్థమునకు అవి వేట జరుగుచుండగా తీసినవి కావు, సన్నివేశమును ముందుగ కూర్చి తీసినవి. ఆ హూపరే 1876-78 నాటి మహాక్షామమున మద్రాసు రాజధానిలో ఎముకల గూడులైన మనుష్యులను వరుసగా కూర్చుండబెట్టి చిత్రములు తీసెను. ఆ చిత్రములు క్షామపు ఘోరమును ప్రపంచమునకు చాటినమాట నిజము. ఆకలిగొన్నవానిని కదలక కూర్చుండుమనిన మనస్సు ఎట్టిదని అప్పుడే కొందరు ప్రశ్నించిన మాటయు నిజమే. పులినైనను, మనుష్యునైనను కేవలము చూడదగిన వస్తువుగ భావించుట కెమెరాకు ఆదినుండి గల దోషము.

1871లో మేడక్స్ అను వైద్యుడు జెలటిన్ పూతగల పొడి పలకను కనిపెట్టెను. పదేండ్లలోపల అవి కర్మాగారములలో తయారై అంగళ్లకు వచ్చెను. 1888లో కొడాక్ వచ్చెను. అప్పటినుండి మృగము కదలినను చిత్రము నిలిచెను. జంతుశాల చిత్రముల విలువ ఎంతటిదో ఒక్క ఉదాహరణము చాలును. దక్షిణాఫ్రికాలో చారల గుఱ్ఱమును పోలిన క్వాగా అను మృగముండెడిది. 1883తో ఆ జాతి అంతరించెను. బ్రతికియుండగా తీయబడిన క్వాగా చిత్రములు లోకమున ఐదు మాత్రమే. అవన్నియు లండను జంతుశాలలోని ఒక్క ఆడుజంతువువి.

ప్రజల తోట

ఛాయాగ్రహణ శాఖను మూయించిన ట్రెవిలియన్ దొరయే నగర ప్రజలకు ఊపిరి పీల్చుకొనుటకు తోట కావలెనని తలచెను. పార్కుటౌనులో 116 ఎకరముల ప్రజల తోట ఆయన తలపెట్టినదే. పీపుల్స్ పార్కు అని దాని పేరు. 1863లో జంతుశాల నగరసభ ఆధీనమునకు వచ్చి ఎగ్మూరు నుండి ఈ తోటకు మారెను. చచ్చిన కాలేజీ, బ్రతికిన కాలేజీ వేరు కాపురములు పెట్టినది అప్పుడే. ప్రవేశమునకు రుసుము లేదు. కూలివాడును తన పిల్లను భుజముపై ఎక్కించుకొని సింహమును చూపగలిగెను.

ఆ తోట చుట్టును పట్టణపు ప్రసిద్ధ కట్టడములు ఒక్కొక్కటిగ లేచెను. 1873లో సెంట్రల్ స్టేషను వచ్చెను. ఉత్తరాది నుండి, ఆంధ్ర తీరము నుండి రైలు దిగినవానికి మొదట కనబడునది అదియే. 1883 డిసెంబరు 17న విక్టోరియా పబ్లిక్ హాలునకు పునాదిరాయి వేసినది విజయనగర మహారాజు పూసపాటి ఆనందగజపతిరాజు. ఆ భవనమునకు రూపమునిచ్చినవాడు ఛిజోమ్ అను శిల్పి. 1900లో మూర్ మార్కెట్టు, 1913లో తెల్లని రిప్పన్ భవనము వెలసెను. సోపానములు, గోపురములు, ఎఱ్ఱయిటుక కమానులు, వాని వెనుక గాండ్రింపులు: ఒక్క మైలు దూరములో కెమెరాకు ఇంతటి విందు మరియొక పట్టణమున దొరకుట అరుదు. పట్టణపు స్టూడియోలు ఈ దృశ్యములను తీసి పోస్టుకార్డులుగ అమ్మెను. సముద్రపుటొడ్డు, సెనేటు హాలు, 1892లో పూర్తియైన హైకోర్టు చిత్రములు రెండణాల కవరులో మారుమూల పల్లెలకు చేరెను.

ఆ తోటకు ఒక దుర్దినమును కలదు. 1886 డిసెంబరు 31న అచ్చటి సంవత్సరాంతపు తిరునాళ్లలో పందిళ్లకు నిప్పంటుకొని వందలాది జనులు మరణించిరి. పండుగ బట్టలతో వచ్చిన కుటుంబములు తిరిగి ఇల్లు చేరలేదు. అట్టి స్థలమున మరల పిల్లల నవ్వులు వినబడుటకు జంతుశాల ఎంతో తోడ్పడినది.

కెమెరా నుండి తెరకు

విక్టోరియా హాలునకు తెలుగువారి చరిత్రలో మరియొక స్థానము కలదు. కదలెడు బొమ్మలు మద్రాసు ప్రజలకు తొలుత చూపబడినది ఆ హాలులోనే. చూపినవాడు ఫొటో సామానుల అంగడి యజమాని స్టీవెన్సన్. ఆ దారినే నడచినవాడు మచిలీపట్టణపు రఘుపతి వెంకయ్య. 1869లో పుట్టి, చిన్నతనముననే మద్రాసు చేరి, ఛాయాగ్రాహకుడై, స్వంత స్టూడియో నడిపెను. 1910 ప్రాంతమున బొమ్మతో పాటు ధ్వని వినిపించు క్రోనోమెగాఫోను అను యంత్రమును చూచి మోహపడి, స్టూడియోను పణముగ పెట్టి ముప్పదివేల రూపాయలు సమకూర్చి దానిని కొనెను. విక్టోరియా హాలులో ప్రదర్శనలిచ్చి, తరువాత ఊరూర తిరిగి, 1914లో గెయిటీ థియేటరును కట్టించెను. మద్రాసులో భారతీయుడు కట్టిన మొదటి సినిమాహాలు అది. కదలని చిత్రముతో తృప్తిపడక కదలెడు చిత్రమునకై సర్వస్వమును ఒడ్డిన ఆయనను తెలుగు చలనచిత్ర పితామహుడని లోకము గౌరవించుచున్నది. 1941లో ఆయన కన్నుమూసెను. గెయిటీ హాలు నేడు లేదు.

మృగముల వైపు కెమెరాను త్రిప్పినవారిలో మైలాపూరు నివాసి ఎం. కృష్ణన్ అగ్రగణ్యుడు. 1912లో జన్మించిన ఆయన తమిళ రచయిత మాధవయ్య కుమారుడు. వేర్వేరు కెమెరాల భాగములను జోడించి తన కెమెరాను తానే కూర్చుకొని, ఏనుగుపై అడవులు తిరిగి, నలుపు తెలుపు చిత్రములు తీసెను. మృగమును దాని పరిసరములతో చూపవలెనను పట్టుదల ఆయనది. పద్మశ్రీ పొందెను. 1950 నుండి 1996లో మరణించు వరకు స్టేట్స్‌మన్ పత్రికలో ప్రకృతిని గూర్చి శీర్షిక నడిపెను. హూపరు పులిని బొమ్మగ నిలిపెను. కృష్ణన్ ఏనుగును పొరుగువానిగ చూచెను. ఈ రెండు దృష్టుల నడుమనున్న శతాబ్దమే ఛాయాగ్రహణమునకు వివేకము వచ్చిన కాలము.

1985

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము వేరుపడినను, తెలుగు కుటుంబములకు చెన్నపురి ప్రయాణము తప్పలేదు. పెండ్లి చీరలకు, వైద్యమునకు, తిరుపతి యాత్ర వెంబడి వినోదమునకు పోవుచునే యుండిరి. సెంట్రల్ స్టేషనులో దిగి, దారి దాటి, మూర్ మార్కెట్టులో పాత పుస్తకములు బేరమాడి, వెనుకనున్న జంతుశాలలో పిల్లలకు ఏనుగును చూపి, సాయంకాలము సముద్రతీరము చేరుట వారి దినచర్య. 1960వ దశకమునాటికి బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్ కెమెరా మధ్యతరగతి ఇండ్లకు చేరెను. ఒక ఫిలిం చుట్టకు పన్నెండు చిత్రములు మాత్రమే. కావున ఏనుగు ముందొకటి, సింహము ముందొకటి, స్టేషను గడియారపు గోపురము ముందొకటి అని లెక్కవేసి తీసెడివారు. ఆ పన్నెండింటిలో ఒకటి రెండు చెడిపోవుటయు మామూలే.

తోట మాత్రము ఏడాది కేడాది కుంచించుకొనిపోయెను. భవనములు, ఆటస్థలములు, మార్కెట్టు దానిని కొరికివేసెను. జంతుశాల పెరుగుటకు చోటు లేకపోయెను. ఇనుప కటకటాల నడుమ మృగములు ఇటునటు తిరుగుచుండుట చూచి జాలిపడనివారు లేరు. 1976లో వండలూరు అడవిలో స్థలము కేటాయింపబడెను. 1979లో పని ప్రారంభమై, 1985 జులై 24న క్రొత్త జంతుశాల ముఖ్యమంత్రి ఎం.జి. రామచంద్రన్ చేతుల మీదుగా తెరువబడెను. నగరమునకు సుమారు ముప్పది కిలోమీటర్ల దూరముననున్న ఆ అన్నా జంతుశాల వైశాల్యము నేడు 602 హెక్టార్లు. కటకటాలకు బదులు కందకములు, సిమెంటు నేలకు బదులు చెట్ల నీడ. ఛాయాగ్రాహకునకు మధ్య నిలిచిన ఇనుపకడ్డీ తొలగెను; మృగమునకు కాలు సాగించుటకు చోటు దొరకెను. ఈ మార్పునకు విచారింపవలసిన పని లేదు.

విచారింపవలసినది అదే వేసవిలో జరిగెను. 1985 మే 30న మూర్ మార్కెట్టు అగ్నికి ఆహుతియయ్యెను. ఎనుబదియైదేండ్ల కట్టడము ఒక్క రాత్రిలో మొండిగోడలయ్యెను. ఆ స్థలమున నేడు సబర్బను రైలు స్టేషను నిలిచియున్నది. ఇట్లు ఒకే సంవత్సరమున, రెండు నెలల వ్యవధిలో, మూడు తరముల తెలుగు పిల్లలు ఎరిగిన ఆ ప్రదేశము అదృశ్యమయ్యెను. 1996లో పట్టణము పేరును అధికారముగ చెన్నై యయ్యెను. బ్రతికిన కాలేజీ ఎక్కడ యని అడిగినచో చూపువాడు నేడు అచ్చట లేడు.

ఇంటింటి మ్యూజియము

అట్లయిన ఆ స్థలమేమయ్యెను? దాని ఆనవాళ్లు ఢిల్లీ, కలకత్తా, నాగపూరు, బొంబాయి నగరములలోని ప్రభుత్వ క్వార్టర్లలో, రేకు పెట్టెల అడుగున, పెండ్లి ఆల్బముల చివరి పుటలలో ఉన్నవి. బదిలీల మీద బదిలీలైన ఉద్యోగుల కుటుంబములు పాత్రలు వదలుకొన్నవి గాని చిత్రములను వదలుకొనలేదు. తాతగారి వెనుక మసకగ కనబడుచున్న కమాను మూర్ మార్కెట్టుది కావచ్చును. అత్తగారు చేయి చూపుచున్న ఏనుగు 1985కు ముందటి జంతుశాలది కావచ్చును. మనుష్యుల కొరకు తీసిన చిత్రమున స్థలము తానుగ వచ్చి చేరును. కాలము గడచిన కొలది వెనుకనున్న దానికే విలువ పెరుగును.

కాని చిత్రమునకు నోరు లేదు. ట్రైపు సంపుటము నేటికి పనికివచ్చుట చిత్రముల అందము వలననే కాదు. ప్రతి చిత్రమునకు పేరు, స్థలము, సంవత్సరము కలవు. వెనుక ఒక్క అక్షరమును లేని చిత్రము, తీసినవారు గతించిన మరుదినముననే చచ్చిన కాలేజీలో చేరును. ఎవరు, ఎచ్చట, ఏ సంవత్సరము అను మూడు మాటలు మెత్తని పెన్సిలుతో వెనుక వ్రాసినచో అది బ్రతికిన కాలేజీలో నిలుచును. ఎనుబదేండ్ల బామ్మగారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఒక ఆదివారము ఈ పని చేయుటకు ప్రభుత్వపు మంజూరు అక్కరలేదు. ఆమె చెప్పగల పేర్లు మరియొక సంవత్సరమునకు చెప్పువారుండరు.

నేడు ప్రతి చేతిలోను కెమెరా ఉన్నది. జంతుశాలకు పోవువారు పులి లేచి నిలువవలెనని కేకలు వేయుట, రాయి విసరుట, ఆహారము చూపి ఆశపెట్టుట కనబడుచున్నది. ఇవి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు తరువాత చేర్చిన నిబంధనల ప్రకారము నేరములు. చట్టము మాట అటుంచి, నిద్రించు మృగమును నిద్రింపనిచ్చి తీసిన చిత్రమునకు 1852 నుండియే గౌరవము కలదు. ఓపిక పట్టిన ఛాయాగ్రాహకునకు పులి ఎప్పుడో ఒకప్పుడు తనంత తానే లేచి నిలుచును.

అమరావతి శిలలను మనము నిలుపుకొనలేకపోతిమి. ప్రజల తోటను నిలుపుకొనలేకపోతిమి. ఇంటి పెట్టెలోనున్న చిత్రమును, దాని వెనుక వ్రాయవలసిన మూడు మాటలను నిలుపుకొనుట మాత్రము మన చేతిలోని పని.